కాకిబంగారం షెడ్డులో మూడు రోజుల తూకం

పౌన్లు పోయి కిలోలు వస్తున్న కాలం. గూడూరులో మా కాకిబంగారం షెడ్డుకి, అంటే మైకా షెడ్డుకి, రంగనాయకులు అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. జేబులో నొక్కితే ఆగే గడియారం, చంకలో బారెడు కాగితాలు. అంతకుముందు వారం సముద్రం వారన ఉప్పు కయ్యల్లో కూర్చున్నాడట, ఆ ముందు వారం నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో. జిల్లాలో ఏ పనిలో మనిషి గంటకి ఎంత పుట్టిస్తున్నాడో సర్కారుకి తెలియాలట.

"నేను ఐదుగురిని పుట్టించినా. గంటకెంతో నువ్వే లెక్కేసుకో అబ్బయా," అంది మాతో పనిచేసే కామమ్మ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు.

మా వరసలో పన్నెండుమందిమి. మైకా పలకను పొట్టి కత్తితో ఉల్లిపొర కన్నా పలచని రేకులుగా చీల్చడం మా పని. ఎవరి పళ్లెం వాళ్లకి మూడు రోజులు తూయిస్తానన్నాడు ఆఫీసరు. మేస్త్రీ పద్మనాభయ్యకి అక్కడే ఇంకో ఆలోచన పుట్టింది.

"మూడు రోజుల తూకంలో ఎవరు అడుగునుంటే వాళ్లు సోమవారం నుంచి రావొద్దు," అన్నాడు.

అందరం ఎస్తేరమ్మక్క వైపు చూశాం. ఆమెకి మేము చూసినట్టు తెలియదు. రెండేళ్లుగా రెండు కళ్లలోనూ పొర. వేళ్లతో తడిమి చీల్చేది. రేకు పలచనలో ఆమెకి సాటి లేదు కానీ వడి లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆమె పీట నా పీట పక్కనే. మా చెల్లెల్ని రంగూను ఓడ ఎక్కించి, మళ్లీ చూడనిదాన్ని నేను. జంక్షనులో రైలు కూత వేస్తే ఎవరు వెళ్లిపోతున్నారో అని నాకు అన్నం దిగదు. ఇంకొకరిని సాగనంపడం నా వల్ల అయ్యే పని కాదు.

మా షెడ్డులో ఒక వాడుక ఉండేది. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని నేనొక్కతినే. అందుకని మధ్యాహ్నం నుంచి నేను పుస్తకం చదివేదాన్ని, మిగతావాళ్లు వింటూ చీల్చేవాళ్లు. సాయంత్రం తలా ఒక గుప్పెడు నా పళ్లెంలో పోసి నా తూకం సరిచేసేవాళ్లు. ఇది మేస్త్రీకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

మొదటి రోజు ఆఫీసరు ముందు నేను పుస్తకం తీయలేదు. అందరూ బిగుసుకుని పనిచేశారు. ఆయన నీళ్లు తాగడానికి లేచినప్పుడు నా రేకులు ఒక గుప్పెడు ఎస్తేరమ్మ పళ్లెంలోకి జార్చాను. ఆమె వేలితో తడిమి చూసి, తీసి నా ఒళ్లో పడేసింది.

"ఈ మందం రేకులు ఎవరివి మే? నా పళ్లెం చెడగొట్టొద్దు."

"నీ మంచికేనక్కా!"

"నా మంచి యేసయ్య చూసుకుంటాడు. నువ్వు నీ కత్తి చూసుకో."

సాయంత్రం తూకంలో ఆమే అడుగు.

రెండో రోజు రంగనాయకులు, "మామూలు రోజుల్లో ఎట్లా చేస్తారో అట్లాగే చెయ్యండి," అన్నాడు. సరేనని డిటెక్టివ్ నవల తీశాను. హంతకుడు మేడ మెట్లు ఎక్కుతుంటే పదిమంది చేతులు చకచకా ఆడాయి. ఎస్తేరమ్మ మాత్రం తలుపు చప్పుడైనప్పుడల్లా కత్తి ఆపి, "తియ్యొద్దు కూతురా, గడియ తియ్యొద్దు!" అని పుస్తకంలో పిల్లని కేకలేసింది. సాయంత్రానికి ఇంకా వెనకబడింది.

కామమ్మ నన్ను దొడ్డి వైపుకి లాక్కుపోయింది. "చదివి చదివి ఆమెని ఇంటికి పంపేటట్టుండావే నువ్వు!"

ఆ మాటతోనే నాకు ఉపాయం తోచింది. మా అందరి కత్తికీ కళ్లు కావాలి. కళ్లలో నీళ్లు నిండితే కత్తి ఆగుతుంది. ఎస్తేరమ్మ కత్తికి కళ్లతో పనే లేదు.

మూడో రోజు పొద్దున్నుంచే అక్కచెల్లెళ్ల నవల పట్టుకున్నాను. చివర్లో చెల్లెలు కాలవ పడవ ఎక్కి వెళ్లిపోతుంది, అక్క గట్టు వెంట పరిగెత్తుతుంది. ఆ ఘట్టాన్ని నేను ఎన్నడూ ఉన్నదున్నట్టు చదవలేదు. పడవ కదలకముందే చెల్లెల్ని ఒడ్డుకి దూకించి పేజీ తిప్పేసేదాన్ని. ఆ రోజు దూకనివ్వలేదు. ఒక్కొక్క అడుగే చదివాను.

ముందు కామమ్మ ముక్కు చీదింది. తర్వాత వరసంతా. తడి వేళ్లకి రేకులు అంటుకుని ఒక్కటీ ఊడిరాలేదు. రంగనాయకులు గడియారం నొక్కడం మరిచి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎస్తేరమ్మ కళ్ల వెంట కూడా నీళ్లు ధారగా కారాయి. ఒళ్లో గుడ్డకి వేళ్లు తుడుచుకుంటూ, సర్రు సర్రుమని చీలుస్తూనే ఉంది.

సాయంత్రం ఆమె పళ్లెం బరువుకి తక్కెడ ఠక్కున వాలింది. మూడు రోజులూ కలిపితే ఎనిమిదో చోటు. మేస్త్రీ కాగితం అడుగుకి వేలు జరిపాడు.

"అడుగున పెంచలమ్మ."

అది నేనే. పొద్దున్నుంచీ పుస్తకం పట్టుకున్నదానికి, ఆఫీసరు ముందు గుప్పెళ్లు పోసేవాళ్లు లేనిదానికి, పళ్లెంలో ఏముంటుంది? ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఎస్తేరమ్మ లేచి, తడుముకుంటూ వచ్చి, తన పళ్లెం నా పళ్లెంలో బోర్లించింది. "ఇందులో సగం ఆమెదే సామీ."

"నాదాంట్లో ముప్పాతిక," అంది కామమ్మ, తనదీ కుమ్మరిస్తూ.

తక్కినవాళ్లూ వచ్చి పోశారు. రేకులు పళ్లెం దాటి నేల మీద మెరుస్తూ కుప్పపడ్డాయి. పద్మనాభయ్య వేళ్ల మీద లెక్కేసి నెత్తి పట్టుకున్నాడు.

"మీరు చెప్పినట్టయితే ఈ మనిషి పుస్తకం చదవతా తొమ్మిది పౌన్లు చీల్చిందా?"

"నోటితో చీల్చింది," అంది కామమ్మ.

"సార్, మీరన్నా చెప్పండి. అడుగునెవరు?"

రంగనాయకులు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నాకు కావలసింది సగటు, మేస్త్రీ గారూ. వరస మొత్తం తూచి పన్నెండుతో భాగిస్తాను. అందులో అడుగూ ఉండదు, పైనా ఉండదు."

"మరి మూడు రోజులు విడివిడిగా తూయించినారే!"

"ఫారంలో అట్లా ఉంది."

పద్మనాభయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. సోమవారం పన్నెండు పీటలూ వేసే ఉన్నాయి.

ఆ మూడో రోజు సాయంత్రం ఇంటికి పోతూ ఎస్తేరమ్మక్క నా భుజం పట్టుకుని నడిచింది. వేసి ఉన్న రైలు గేటు దగ్గర ఆగింది.

"ఆ చెల్లెలు మళ్లా వచ్చిందా మే?"

"వచ్చింది," అన్నాను. పుస్తకంలో రాలేదు.

"ఎప్పుడు?"

"గేటు తీసినారు. నడువక్కా."