పాత కొలత

కొత్త గౌను అంచు నేలంతా ఊడుస్తోంది, ఇక టైలరు కొట్టుకి చీపురు కొననక్కర్లేదు, అనుకుంది మాస్టరమ్మ అద్దం ముందు నిలబడి, పదకొండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే కోడలు కుట్టిన సింగారం ఇది, గాడిదకేం తెలుసు గంధపు వాసన, ఎల్లుండే చెల్లెలి కూతురి పెళ్ళి, వంగి ఆ అంచు పట్టుకుందామంటే ముడుచుకున్న వేళ్ళు తెరుచుకోవు, ఇరవై రెండేళ్ళ కీళ్ళవాతం ఒక్కో వేలినీ పక్కకి తోసి అల్లం కొమ్ములా చేసింది, అయినా ఈ చేత్తోనే పొద్దున మూడు కోట్లకి గుడ్డ కత్తిరించింది, రెండు తెల్ల బిళ్ళలు వేసుకుంటే కత్తెర మాట వింటుంది, డాక్టరు ఒకటే రాశాడు, అదీ మెల్లగా తగ్గిద్దామన్నాడు, వాడికేం, కూర్చుని రాస్తాడు, ఈ జబ్బే ఎముకల్ని తినేస్తుందమ్మా, పైగా ఇన్నేళ్ళుగా ఈ బిళ్ళలు, లోపల గుల్లబారి ఉంటాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి, స్కాను తీయించండి అన్నాడు, గుల్లబారడానికి నేనేమన్నా చెదపట్టిన తలుపునా అని లేచొచ్చేసింది, ఆ చీటీ మడిచి మిషను కాలి కింద పెట్టింది, అప్పట్నుంచీ మిషను ఊగడం లేదు, అంతవరకూ డాక్టరు వల్ల లాభమే, స్కాను అంటే విశ్రాంతి అంటాడు, విశ్రాంతి అంటే కత్తెర కోడలి చేతికి, ఈ కొట్టులో కత్తెర పట్టినవాళ్ళే మనుషులు, మిగతావాళ్ళు గుండీలు కుట్టుకోవాలి, తన అత్త ప్రాణం పోయేదాకా వదల్లేదు, తను మాత్రం ఎందుకు వదలాలి.

కళ్ళెక్కడ పెట్టి కుట్టావే అంటే, పుస్తకంలో కొలతే అత్తయ్యా, యాభై నాలుగు, మీరే అన్నారుగా పోయినవారం, సొంత తెలివి వాడకు, పుస్తకం చూసి కుట్టు అని, అంటోంది కోడలు తల ఎత్తకుండా, అవును, తనే అంది, నలుగురి ముందూ అంది, కడుపు ఎలాగూ పండలేదు, చెయ్యయినా తిరగాలి కదా అని కూడా అంది, అప్పుడు కోడలి పెదాల మధ్య పిన్నులున్నాయి, ఒక్కటీ కింద పడలేదు, ఆ మొండితనానికే ఒళ్ళు మండింది, ఇప్పుడూ మండుతోంది, యాభై నాలుగు అంటే తను నలభయ్యో ఏట సొంత చేత్తో రాసుకున్న అంకె, అదెలా తప్పవుతుంది, కుట్టిన చెయ్యి తప్పు, పైగా కుర్చీలో హెడ్మిస్ట్రెస్ తన కోటు కోసం కాచుకుని అంతా వింటోంది, పోయిన నెల ఈవిడే నేనేం లావెక్కలేదు, మీ టేపే కుంచించుకుపోయింది అంటే, టేపుకి మొహమాటం ఉండదు మేడమ్, మీ నడుముకే సిగ్గుండాలి అని తను కొట్టంతా నవ్వించింది, ఈవిడ ముందు పరువు పోతే ఇంకేమన్నా ఉందా, తే టేపు, కొలువు, ఎవరిది తప్పో తేలిపోతుంది, కోడలు మెడ వెనక బొమిక మీద టేపు ఆనించి చీలమండ దాకా దించింది, ఏదో గొణిగింది, గట్టిగా చదువు, ఈ కొట్టులో అంకె వీధిలోకి వినపడాలి, వద్దు అత్తయ్యా, అంచు మడిచి కుట్టేస్తాను, ఐదు నిమిషాల పని, వద్దేంటి, తేలు కుట్టిన దొంగలా ఆ నసుగుడేంటి, చదువు, యాభై ఒకటిన్నర.

మళ్ళీ కొలువు, యాభై ఒకటిన్నర, హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేది, చేతిసంచిలో ఏదో వెతుక్కుంటోంది పాపం, రెండున్నర అంగుళాలు ఎక్కడికి పోతాయి, మనిషి ఏమన్నా నీళ్ళలో తడిపిన నూలుగుడ్డా, వానల్లో ఇస్త్రీపెట్టె ఎత్తుతుంటే వీపులో పుల్ల విరిగినట్టు చిటుక్కుమంది, పట్టేసిందిలే అని మూడో బిళ్ళ మింగి ఆర్డరు పూర్తిచేసింది, అంతకుముందు ఏడాది దగ్గుతుంటే ఇంకోసారి, ఆ తర్వాతే పై అరలో దారం ఉండలు అందలేదు, కోడలే కావాలని అర పైకి జరిపిందని మూడు రోజులు దులిపింది, అవి పట్టేయడాలు కావు, విరగడాలు, వెన్ను విరిగినా కత్తిరిస్తూనే ఉంది, మరి ఈ రెండేళ్ళ బట్టలన్నీ ఎలా సరిపోయాయి, ఇప్పుడే విప్పిన పాత గౌను కొక్కేనికి వేలాడుతోంది, మణికట్టుతో అంచు తిప్పి చూసింది, లోపల మడత, దాని మీద ఇంకో మడత, పైకి కనపడని సన్నటి చేతికుట్టు, కుట్టా అది, ఎలుక కొరుకుడా అని తను వెక్కిరించిన కుట్టే, టేపు పెట్టకుండా కంటితోనే కొలిచి, నోరెత్తకుండా మడిచి, పోయినవారం దాకా తనని పాత మనిషిగానే నిలబెట్టింది ఈ గాడిద, పోయినవారం సొంత తెలివి వద్దంది తనే, ఇప్పుడు కూడా మడిచి కుడతానంటే చదవమంది తనే, కోడలు కొలతల పుస్తకం తెరిచి యాభై నాలుగు మీద పెన్సిలు గీత గీసింది, కొత్తది రాసుకోనా అత్తయ్యా అంది, హెడ్మిస్ట్రెస్‌కే కాదు, వీధిలోకి కూడా వినపడేంత స్పష్టంగా అంది, ఆ గొంతు విన్నాక మాస్టరమ్మకి తెలిసిపోయింది, ఇకమీదట ఈ పిల్ల తన కోసం ఏదీ మడిచి కుట్టదు, ఉన్న కొలత ఉన్నట్టు చదువుతుంది, గట్టిగా, తను నేర్పినట్టే.