చేతపట్టరాదు

మా మామయ్య సిక్స్టెన్ తిండి మానేశాడని వృద్ధాశ్రమం నుంచి గున్‌బ్రిట్ ఫోన్ చేసేసరికి నేను నిఘంటువు ప్రూఫులు దిద్దుకుంటున్నాను. ఆశ్రమం మా మున్సిపాలిటీది. గున్‌బ్రిట్ దాని అధికారిణి, బడిలో నాకంటే ఒక తరగతి చిన్నది. గురువారం నుంచి ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడనీ, జావ సరికదా కాఫీ కూడా ముట్టడం లేదనీ, ఈ వయసులో ఇది ఎన్నాళ్ళో సాగదని డాక్టరు అన్నాడనీ చెప్పింది. బంధువంటూ మిగిలింది నేనొక్కణ్ణే కనుక రమ్మంది. ఆ గొంతులో బతిమాలడం లేదు, నేరారోపణ ఉంది.

కారణం ఆమె చెప్పనక్కర్లేదు. స్నూస్.

తడిపిన నల్లటి పొగాకు పొడిని వేళ్ళతో ఒత్తి ఉండ కట్టి, పై పెదవి కింద దోపుకుని, సారం పోయాక ఎక్కడ పడితే అక్కడ వదిలేసే ఈ అలవాటు మీద నాకున్న ద్వేషం పాతది, బాగా ఆలోచించి పెంచుకున్నది. మామయ్య అడవిలో చెట్లు కొట్టే రోజుల్లో శీతాకాలమంతా మా ఇంట్లోనే ఉండేవాడు. వాడేసిన ఉండలు మా అమ్మ కాఫీ కప్పుల్లో తేలేవి. నేను ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదివి రాసుకున్న సిద్ధాంత గ్రంథాన్ని ఆయన ఒక్కసారి తిరగేశాడు. అందులోని అంశం ఆయనకు అంటలేదు గానీ ఆయన బొటనవేలు పుటపుటకూ అంటింది. ఆ గోధుమరంగు ముద్రలు చూపించి అడిగితే, పుస్తకాన్ని ఒక మనిషైనా చదివినట్టు సాక్ష్యం మిగిలింది కదా అని నవ్వాడు.

ఇక నిరుటి సంగతి. ఊరి గ్రంథాలయంలో నేను తెరిచిన నిఘంటువులో రెండు పుటల మధ్య, గుర్తు కోసం పెట్టినట్టుగా, ఎవరో వాడి వదిలిన, స్నూస్ పొడి నింపిన గోరంత సంచీ ఎండి అతుక్కుని ఉంది. ఆ సాయంత్రమే ప్రతిపాదన రాశాను. మా ఊరు గ్రాన్‌మీరలో ఏ పౌరుడైనా కౌన్సిల్ ముందు ప్రతిపాదన పెట్టవచ్చు. "మున్సిపాలిటీ ఆవరణల్లో ఎవరూ స్నూస్ వాడరాదు" అని ఊరుకుంటే, నేను వాడటం లేదు, పక్కవాడికి ఇస్తున్నానంతే అని తప్పించుకునేవాడు ఉంటాడు. అందుకని ఒక కామా పెట్టి, "చేతపట్టరాదు" అని చేర్చాను. సభలో గొడవ జరిగింది. మనిషి పెదవి కింద ఏముందో చూడటానికి మున్సిపాలిటీ టార్చిలైట్లు కొంటుందా అని ఒకాయన అడిగాడు. అయినా నెగ్గింది. కౌన్సిల్ దానికి తన వంతుగా ఒక్క సడలింపు తగిలించింది: ఆశ్రమవాసి తన గదిలో తన చేత్తో వాడుకోవచ్చు.

మామయ్య కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయి చాలాకాలమైంది. విడి పొడిని ఉండ కట్టాలంటే బాగా పనిచేసే చెయ్యి ఒకటైనా ఉండాలి. ఎడమచేతి వణుకుతో అది జరగదు. అంతవరకూ రోజూ ఉదయం మాయ్‌కెన్ అనే ఆయా కట్టి పెట్టేది. నిషేధం వచ్చాక ఆమెకు మందలింపు పడింది. ఒంటిచేత్తో దోపుకోవచ్చని గున్‌బ్రిట్ తెల్ల సంచీల డబ్బా తెచ్చి ఇస్తే ఆయన దాన్ని తలుపుకేసి కొట్టాడు.

నేను వెళ్ళేసరికి గోడవైపే ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. అడుగుల చప్పుడుకు గుర్తుపట్టాడు.

"వచ్చావా పంతులూ. చచ్చానో లేదో ప్రూఫు చూసుకుందామనా?"

"తిండి తిను మామయ్యా."

"నోట్లో రుచి లేదు. రుచి నువ్వు ఎత్తుకుపోయావుగా."

"ఆ సంచీలు పెట్టుకోవచ్చుగా."

"టీ సంచీలు నీళ్ళల్లో వేసుకుంటార్రా. మనిషి నోట్లో కాదు."

పంతం వదలమన్నాను. వదలడానికి ఇక తన దగ్గర మిగిలింది అదొక్కటే అన్నాడు. ఆ మాట జాలి కోసం అనలేదు, నన్ను పొడవడానికే అన్నాడు. మణికట్టు మాత్రం, దుప్పటి అంచు దగ్గర, పిల్లవాడి మణికట్టులా ఉంది. బల్లమీది గుండ్రటి డబ్బా తీసుకుని మూత తెరిచాను. చిటికెడు తీసి ఒత్తాను. పొడిపొడిగా నా మోకాలి మీద రాలింది.

"ఇన్ని చదువులు చదివి ఏం పీకావురా? ముద్ద కట్టడం కూడా రాదు."

మళ్ళీ తీసుకున్నాను. అంతలో గుమ్మంలో గున్‌బ్రిట్ నిలబడి ఉంది.

"కింద పెట్టు అల్గోత్."

"నేను వాడటం లేదు. ఒత్తుతున్నానంతే."

"చేతపట్టరాదు," అంది. "నీ మాటే. సభలో లేచి నిలబడి, కామా దగ్గర ఆగి మరీ చదివావు."

బంధువులకు వర్తించదేమో అన్నాను. అలాగని నేను రాయలేదని గుర్తు చేసింది. సవరణ పెట్టుకోమంది, కౌన్సిల్ మళ్ళీ వసంతంలో కూర్చుంటుందట.

"వసంతం దాకా ఈయన ఉండడు."

"అది రాసేటప్పుడు తట్టాలి. మాయ్‌కెన్ ఏడ్చిన రోజున నాకు తట్టింది."

మంచం మీద మామయ్య గొంతులో గురగుర వినిపించింది. నవ్వుతున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు. మేమిద్దరం పోట్లాడుకుంటుంటే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది.

నేను కిటికీలోంచి చూశాను. ఆశ్రమం దారిలో మంచు తోసే బండి మున్సిపాలిటీది. పెద్దరోడ్డు మీద తిరిగేది దేశ ప్రభుత్వానిది. రెండూ కలిసేచోట ఎవరి బండి తోసిన మంచు వాళ్ళు వదిలేసిపోతారు. అక్కడ నడుమెత్తు గట్టు లేస్తుంది. అది తమది కాదని ఇద్దరూ ఏటా వాదించుకుంటారు, ఎవరూ తీయరు. నా వాక్యంలో మొదటి మాట గుర్తొచ్చింది: మున్సిపాలిటీ ఆవరణల్లో.

"ఈయన్ని గట్టు దాటిస్తాను," అన్నాను.

"ఈ చలిలోనా?"

"వద్దనే వాక్యం ఉందా?"

గున్‌బ్రిట్ ఆలోచించింది. లేదు. వెళ్ళి ఒక మందపాటి దుప్పటి తెచ్చి మామయ్య మీదకు విసిరినంత పని చేసింది. "దుప్పటి మున్సిపాలిటీది. మరక పడిందా, నువ్వే ఉతకాలి."

గుమ్మంలో ఎవరిదో తన్నుబండి ఉంది: ముందు కుర్చీ, కింద రెండు పొడవాటి ఇనుప కమ్ములు, వెనక నిలబడి ఒక కాలితో నేలను తన్నుతూ పోవాలి. మామయ్యను కూర్చోబెట్టి నడుముకు కండువా కట్టాను. డబ్బా ఆయన జేబులో ఉంది, ఎవరి చేతిలోనూ లేదు. దారిపొడుగునా కుదుపులకు నన్ను తిట్టాడు. గట్టు దగ్గర బండి మొండికేసింది. వెనక్కి తిప్పి, మోకాళ్ళ మీద పాకుతూ, ఆయన్ని బండితో సహా ఈడ్చాను. దుంగల్ని ఇంతకన్నా మర్యాదగా లాగేవాళ్ళమని అన్నాడు.

మంచులో రోడ్డంచు తెలియడానికి పాతిన నారింజరంగు కర్ర పక్కన నిలిపి చేతితొడుగులు తీశాను. చలికి వేళ్ళు కొయ్యబారుతున్నాయి. పొడి మాత్రం ఈసారి బిగిసింది. ఆయన నోరు తెరిచాడు. పెదవి ఎత్తుకునే శక్తి లేదు, నేనే ఎత్తాల్సివచ్చింది. ఆ చిగుళ్ళు వెచ్చగా, నున్నగా తగిలాయి. నా జన్మలో ఎవరి నోట్లోనూ వేలు పెట్టి ఎరగను. ఉండ దోపి, పెదవి మీద అదిమాను. కళ్ళు మూసుకున్నాడు. ఒక లారీ మా మీద మంచు చిమ్ముకుంటూ పోయింది.

"వదులుగా ఉంది," అన్నాడు.

"లోపలికెళ్ళి జావ తాగు. తాగకపోతే రేపు రాను."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

ఉండను నాలుకతో ఒకసారి సర్దుకున్నాడు. "అయితే రేపు గట్టిగా కట్టు," అన్నాడు.

తిరిగి లాగడానికి ఇంకా కష్టమైంది. ఉండను గట్టు అవతలే ఉమ్మించాను. దుప్పటి మీద మరక పడలేదు. గుమ్మంలో గున్‌బ్రిట్ దాన్ని వెలుతురుకు పట్టి చూసుకుంది. జావ వేడి చేయించమన్నాను. అప్పటికే పొయ్యి మీద ఉందని చెప్పి, ఆయన బండిని తాను అందుకుని, నేను లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వేళ్ళు చూసుకో. గోళ్ళ సందున ఉన్నది కూడా చేతపట్టినట్టే."

ఆమె చెప్పింది సరైనదే. వెనక్కి గట్టు దాకా నడిచి, రోడ్డు వైపు వంగి, గుప్పెడు మంచు తీసుకుని వేళ్ళు రుద్దుకున్నాను. తెల్లటి మంచు మీద గోధుమరంగు దిగింది, వేళ్ళకున్నది మాత్రం వదల్లేదు. జావలో ఉప్పు లేదని మామయ్య అరుస్తున్న గొంతు ఆశ్రమంలోంచి వినిపించింది.