సాక్షి: తెలిసిందే

కావలి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన పద్మనాభయ్యకు నిఘంటువు పిచ్చి పట్టి పన్నెండేళ్ళయింది. ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం రాయడానికి ఆయనకొక నియమం ఉంది. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. చీటీ అడుగున, ఆ తెలుగు మాటను రోజూ వాడే మనిషి పేరు, ఊరు. నాగలి మాటలకు రైతు, మగ్గం మాటలకు నేతగాడు. సాక్షి లేని అర్థం చెల్లదని చెప్పి చెప్పి ఊరందరినీ విసిగించాడు.

1961 వేసవిలో మొదటి సంపుటం ప్రూఫులు మద్రాసు నుంచి వచ్చాయి. శుక్రవారానికి తిరిగి అందకపోతే కూర్చిన అక్షరాలు విప్పేసి బడిపుస్తకాలకు వాడుకుంటామనీ, ఇక వచ్చే ఏడాదేననీ ప్రెస్సువాళ్ళు రాశారు. బుధవారం పొద్దున ఆయన కాగితాలు కట్ట కట్టి, మధ్యాహ్నం రైలుకు పంపడానికి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఒక కంటికి పొర కమ్ముతోంది. చూపుండగానే పుస్తకం చూసుకోవాలని తొందర.

అప్పుడే తుమ్మలపెంట నుంచి చేపల గంపతో చెంచమ్మ వచ్చింది.

"ఇంత ఆలస్యమేంది?" అన్నాడు పద్మనాభయ్య.

"పోటు వచ్చిందాకా మా పడవ ఏరు సముద్రంలో కలిసే మొగలోకి రాలేదయ్యోరా."

"పోటంటే నీళ్ళు వెనక్కి పోవడం గదా. నీళ్ళు పోతావుంటే పడవెట్లా వస్తుంది?"

చెంచమ్మ గంప దించి మరీ నవ్వింది. "ఎవురు చెప్పినారు మీకు? ఎక్కేది పోటు, దిగేది ఆటు. మీ మాట ఇంటే పడవ ఇసకలో కూసుంటాది."

పద్మనాభయ్య కట్ట విప్పాడు. సముద్రపు నీళ్ళు దిగడాన్ని చెప్పే ఇంగ్లీషు మాట 'ఎబ్' పక్కన 'పోటు' అనే ఉంది. పోయేది గనక పోటు అని కుర్చీలో కూర్చునే తేల్చేశాడు. చీటీ వెతికి తీశాడు. సాక్షి దగ్గర మనిషి పేరు లేదు. 'తెలిసిందే' అని తన చేతిరాతే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ ఒక్కటీ దిద్దడం అరనిమిషం పని. కానీ పెట్టెలన్నీ తిరగేస్తే 'తెలిసిందే'లు మూడు వందల పన్నెండు తేలాయి. మధ్యాహ్నం రైలు కూత వినబడింది. ఆయన లేవలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు చెంచమ్మ వచ్చేసరికి అరుగంతా చీటీలే. పై చీటీలో 'తెలిసిందే' కొట్టేసి రాసిన మాట ఆయన చదివి వినిపించాడు: "సాక్షి, చెంచమ్మ, తుమ్మలపెంట."

"నా మాటకి మీ పుస్తకం ఆగిపోయిందా అయ్యోరా?" అంది ఆమె భయంగా.

"మొగ దగ్గర ఆగింది," అన్నాడు పద్మనాభయ్య, రెండో చీటీ అందుకుంటూ. "పోటు రానీ."