ఐసులో పెట్టిన డబ్బు

పోలేరయ్య మస్కట్‌లో పరాయి బోటెక్కి వల లాగబట్టి ఏళ్ళు గడిచాయి. ఈసారి వచ్చేస్తే మళ్ళీ పోనని భార్య మహాలక్ష్మికి మాటిచ్చాడు. మైపాడులో ఒక పాత బోటు అమ్మకానికి ఉంది. అది కొంటే మొగుడు ఇంటిపట్టున ఉంటాడు. ఆమెకు కావలసింది అంతే. నగలడగలేదు, మేడలడగలేదు.

మస్కట్‌లో పోలేరయ్య గదిలోనే ఉండే కోవూరు జయకుమార్‌కి తెలివి పాలు ఎక్కువ. రూపాయి రోజురోజుకీ దిగిపోతోంది, జీతం ఇంటికి పంపకుండా ఫోన్‌లో డాలర్ కాయిన్‌గా, అంటే డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో డబ్బుగా దాచుకో అన్నాడు. డాలరు పెరిగితే అదీ పెరుగుతుంది. కావాలన్నప్పుడు ఇండియాలో ఎవరో ఒకరు ఆ కాయిన్లు కొనుక్కుని మీ ఆవిడ ఖాతాలో రూపాయలు వేస్తారు, బ్యాంకు ద్వారా పంపే దానికన్నా నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి అన్నాడు. నిజమే. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మాత్రం జయకుమార్‌కీ తెలియదు. సర్కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాయిన్ మీద వచ్చే లాభానికి పన్ను పట్టుకుంటుంది గాని, దానికి పూచీ ఎవరంటే నోరు మెదపదు.

పోలేరయ్య అట్లాగే దాచుకుంటూ వచ్చి, బోటు బేరం రాగానే ముందు సగం కాయిన్లు అమ్మాడు. మహాలక్ష్మి ఖాతాలో డబ్బు పడింది. బోటుకు బయానా ఇద్దామని ఆమె బ్యాంకుకు వెళ్తే, కౌంటర్‌లో వినీల అనే అమ్మాయి కంప్యూటర్ చూసి, "మీ అకౌంట్ ఫ్రీజ్ చేసినారమ్మా. కేసు తేలిందాకా అట్లే ఉంటాది," అంది.

ఫ్రీజ్ అంటే మహాలక్ష్మికి తెలియకపోవడమా? పుట్టినప్పటి నుంచీ చేపల మధ్యే బతికింది. అమ్ముడుపోని సరుకును ఐసులో పెడతారు, బేరం కుదిరాక తీస్తారు. కేసన్న ముక్క చెవిన పడింది గాని, ఆఫీసుల్లో అందరూ అనే మాటే అనుకుని వదిలేసింది.

"భద్రంగా ఐసులో పెట్టినారంట మావా. చెడిపోయేదేం లేదు. మిగతాది కూడా దాంట్లోనే వేసెయ్," అని మొగుడికి ఫోన్ చేసి చెప్పింది.

అతనూ చేపలవాడే. మిగిలిన కాయిన్లూ అమ్మి వేయించేశాడు.

బోటు ఆసామి తొందరపెడితే ఆమె మళ్ళీ బ్యాంకుకు వెళ్ళింది. ఈసారి వినీల పక్కన కూర్చోబెట్టుకుని అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. మొదట కాయిన్లు కొన్నవాడు ఉత్తరాదిన ఎవర్నో మోసం చేసి తెచ్చిన డబ్బు వేశాడు. అక్కడి పోలీసులు ఖాతా ఆపించారు. డబ్బు లోపలికి వస్తుంది, బయటికి రాదు. ఆ ఊరి స్టేషన్‌కు పోయి, ఇది మీ కష్టార్జితమేనని రుజువు చూపాలి.

"ఎన్నాళ్ళు పడతాదో చెప్పలేనమ్మా. మొన్ననే చెప్పినా గదా, కేసని."

"చెప్పినావులేమ్మా," అంది మహాలక్ష్మి. ఆ పిల్ల మీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

పోలేరయ్యకు ఫోన్‌లో అంతా చెప్పింది. విన్నాక అతను నెమ్మదిగా, "ఇక్కడ ఓనరుకి ఇంక రానని చెప్పేసినా లచ్చిమీ. కొత్తోడిని ఎతుకుతా ఉండాడు," అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

ఉత్తచేతుల్తోనే వచ్చెయ్ మావా, గంజి తాగి బతుకుదాం అని నోటిదాకా వచ్చింది. మిగతాదీ వెయ్యమన్న నోటితో ఆ మాట ఎట్లా అనేది? కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంది.

"తొందరగా పో మావా," అంది. "ఇంకెవుర్నన్నా పెట్టుకునేలోపల పోయి అడుగు."