సుర్మా టీచరు దూరాల పట్టిక

ఆ ఆగస్టు ఉదయం క్రైస్తవులుండే తెల్‌జైతా ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుంటోంది. నిన్నటిదాకా రోడ్డు మీద కాపలా ఉన్న సైన్యం చెప్పాపెట్టకుండా గుడారాలు పీక్కుని వెళ్ళిపోయింది. నల్లజెండాల వాళ్ళు నీనెవే మైదానంలో ఒక్కో ఊరే మింగుకుంటూ వస్తున్నారని తెల్లారేసరికి ఇంటింటికీ తెలిసిపోయింది. కార్ల మీద పరుపులు, పరుపుల మీద పిల్లలు. ఉత్తరాన కొండల వైపు వెళ్ళే రోడ్డంతా హారన్ల మోత.

సుర్మా అన్నయ్య యోనాన్ కారు స్టార్టు చేసి పెట్టి గేటు దగ్గర నిలబడ్డాడు. వదిన, పిల్లలు వెనక సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. సుర్మా మాత్రం చేతిలో తాళాలగుత్తితో బడి వైపు బయలుదేరింది. ఊరి బడిలో ఆమె ఇరవై రెండేళ్ళుగా లెక్కల టీచరు. వయసు నలభై ఆరు. పెళ్ళి చేసుకోలేదు.

"ఇప్పుడు బడికెందుకే?" అన్నాడు యోనాన్.

"పదో తరగతి పిల్లల రికార్డులు బీరువాలో ఉన్నాయన్నయ్యా. అవి లేకపోతే రేపు ఎక్కడికి పోయినా ఏ బళ్ళోనూ చేర్చుకోరు. పదినిమిషాల్లో వస్తా."

"పదినిమిషాలే. తర్వాత నిన్ను భుజాన వేసుకుని తీసుకుపోతా."

బడి ఆవరణ ఆమె అనుకున్నట్టు ఖాళీగా లేదు. ముప్ఫైమంది దాకా మగవాళ్ళు ఇసుక బస్తాలు నింపుతున్నారు. అందరూ ఊరివాళ్ళే. వాళ్ళలో సగంమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు. ఇళ్ళల్లో దాచుకున్న క్లాషిన్ రైఫిళ్ళు, అడవిపందుల్ని కొట్టే తుపాకులు, ఎక్కణ్ణించి సంపాదించారో తెలియని ఒక మెషిన్ గన్ గోడకు ఆనించి ఉన్నాయి. గుంపు మధ్యలో జయా నిలబడి ఉన్నాడు. ఇళ్ళకు గచ్చుపలకలు పరిచే మేస్త్రీ. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఊళ్ళో ఉండి కాపాడుకుంటాం అన్నవాళ్ళంతా తెల్లవారుజామున చర్చిలో కూర్చుని అతన్నే తమకు పెద్దగా ఎన్నుకున్నారు.

సుర్మాను చూడగానే అతను సిగరెట్టు వెనక్కి దాచుకున్నాడు.

"మీరింకా వెళ్ళలేదా, రాబీ?" అన్నాడు. వాళ్ళ మాటలో రాబీ అంటే గురువు.

"వెళ్తున్నా. నువ్వు?"

"మా ముత్తాత మనవాళ్ళని ఊచకోత కోసిన కత్తుల ఏడాదిలో కొండలు దాటి పారిపోయొచ్చి ఇక్కడ పడ్డాడు. మా తాత ఇక్కణ్ణించి ఒకసారి పారిపోయి మళ్ళీ వచ్చాడు. నాకు పారిపోయే ఓపిక లేదు రాబీ, బద్ధకం మనిషిని. మీకు తెలుసుగా."

ఆమె నవ్వి బీరువా తెరిచి రికార్డులు తీసుకుంది. తిరిగి వస్తుంటే డాబా మీద ఇద్దరు కీచులాడుకుంటున్నారు. రోడ్డు మీద తూము నాలుగువందల మీటర్లని ఒకడు, కాదు ఎనిమిదివందలని రెండోవాడు. మనిషికి వంద తూటాలు కూడా లేవనీ, శత్రువు తుపాకీకి అందకముందే కాల్చి పారేస్తే సాయంత్రానికి ఉత్త చేతులతో నిలబడాల్సి వస్తుందనీ వాళ్ళ మాటల్లోనే తెలిసింది.

సుర్మా ఆగిపోయింది.

"తూము దూరం మీలో ఎవరికీ తెలీదా?"

"కంటికి ఎంత ఆనితే అంత, రాబీ," అన్నాడు జయా.

"కన్ను అబద్ధాలాడుతుంది నాయనా. ఎండలో మరీను. త్రికోణమితి ఎందుకు చెప్పాననుకున్నారు మీకు?"

జయా నేలచూపులు చూశాడు. "నన్ను రెండుసార్లు తప్పించారు మీరు అందులోనే."

"నేను తప్పించలేదు. నువ్వే తప్పావు."

ఆమె ఇంటి గేటు దగ్గరికి తిరిగి వెళ్ళి కారు కిటికీలోంచి రికార్డులు వదిన ఒళ్ళో పెట్టింది. "ఇవి జాగ్రత్త. నాకు ఇక్కడ చిన్న పనుంది," అంది. యోనాన్ అరిచాడు, బతిమాలాడు, స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. ఆమె కారు తలుపు గట్టిగా వేసి, "పిల్లలు ఎండలో ఉన్నారు, వెళ్ళన్నయ్యా. దోహూక్ చేరాక ఫోన్ చెయ్యి," అంది. కారు మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత బడి వైపు నడిచింది.

ఆ మధ్యాహ్నం నుంచి రెండురోజులు ఆమెకు తిండి ధ్యాస లేదు. క్లాసులో బోర్డు మీద కోణాలు గీసే పెద్ద చెక్క కోణమానినిని ఒక బల్లకు మేకులతో బిగించింది. దాని మధ్యలో చూపు సరిచూసుకోవడానికి ఇనుప చువ్వ పెట్టించింది. జయా తన పనికి వాడే పొడుగు టేపుతో చర్చి గంట బురుజు నుంచి బడి డాబా దాకా కొలిచాడు. నూట ఎనభై నాలుగు మీటర్లు. బురుజు మీద నుంచి ఒక కోణం, డాబా మీద నుంచి ఒక కోణం. కాగితం మీద త్రికోణం, పక్కన పాత లెక్కల పుస్తకం. తూము ఆరువందల పది. ఒంటి మల్బరీ చెట్టు నాలుగువందల ముప్ఫై. శ్మశానం గోడ మూల మూడువందల ఐదు. కాలవ గట్టు మీద పాడుపడిన పంపు కొట్టు ఏడువందల నలభై.

"నమ్మకమేంటి?" అన్నాడు మంగలి ఒదీషో. యాభై దాటిన మనిషి. భార్య ఖమ్మీని కూతురి వెంట పంపేసి తను ఉండిపోయాడు. గుంపులో నోరు మూతపడని మనిషి అతనొక్కడే.

"నడిచి చూడన్నా మల్బరీ చెట్టు దాకా. నీ అడుగు ఎంత?"

"నా అడుగు మా ఆవిడకి తెలుసు. ఎప్పుడూ ఇంటి నుంచి బయటికే అంటుంది."

అతను నిజంగానే అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి వచ్చాడు. తేడా ఎనిమిది మీటర్లు. ఆ తర్వాత ఎవరూ ఎదురు మాట్లాడలేదు. సుర్మా అట్టముక్కల మీద బొగ్గుతో పట్టికలు రాసి ఒక్కో కాపలా చోటుకు ఒక్కోటి కట్టించింది. ఏ గుర్తు ఎంత దూరమో, తుపాకీ సైటు ఎంతకి తిప్పాలో పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పించినట్టు అందరిచేతా అప్పజెప్పించింది. జయా ఒక్కచోటా తడబడకుండా చెప్పాడు.

"ఆ రోజుల్లో ఇలా చెప్తే నీ ముల్లేం పోయేది?" అంది ఆమె.

"అప్పుడు నన్నెవరూ కాల్చడానికి రాలేదుగా, రాబీ."

తూము దాటి ఏ బండినీ రానివ్వకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. పక్క ఊళ్ళో ఒక ట్రక్కు నిండా మందుగుండు కూరి కాపలా గది మీదికి తోలారని ఫోన్లో విన్నారు.

నాలుగోరోజు మిట్టమధ్యాహ్నం దక్షిణాన దుమ్ము లేచింది. బురుజు మీద ఉన్న సుర్మా వేటగాళ్ళ బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకుంది. ట్రాక్టరు. వెనక ట్రాలీ. ట్రాలీ మీద టార్పాలిన్ కప్పి ఉంది.

వాకీటాకీలో జయా గొంతు వినిపించింది. "తూము దగ్గరికొస్తే కొట్టేస్తాం, రాబీ. మెషిన్ గన్ సిద్ధంగా ఉంది."

ఆమె చూస్తూనే ఉంది. టార్పాలిన్ అంచు గాలికి లేచింది. కింద ఏదో ఎర్రగా కనిపించింది. గుడ్డ కావచ్చు, డబ్బా కావచ్చు. అంత దూరానికి ఖాయంగా చెప్పలేకపోయింది. మనుషులని చెప్పి అది తప్పయితే కింద ముప్ఫైమంది ఉన్నారు. మందుగుండని చెప్పి అది తప్పయితే ట్రాలీలో ఎంతమంది ఉన్నారో. చెమట కళ్ళల్లోకి కారుతోంది.

"జయా, బండి మీద కొట్టొద్దు. తూముకి ఇటు అరవై మీటర్లలో ఖాళీ నేల ఉంది. అయిదువందల యాభై. నేల మీద కొట్టించు. నిజంగా మనుషులైతే ఆగుతారు."

"ఆగకపోతే?"

"అప్పుడు నీ ఇష్టం."

మెషిన్ గన్ మూడుసార్లు మోగింది. ట్రాక్టరుకు ముందు సరిగ్గా అనుకున్నచోట దుమ్ము లేచింది. ట్రాక్టరు తూము మీద గక్కున ఆగింది. ఒక మనిషి దిగి, తలగుడ్డ విప్పి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు.

ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి. దగ్గరికి వెళ్ళినవాడితో కలిసి బండి పేలిపోవచ్చు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. జయా తుపాకీ కింద పెట్టి కదలబోతే ఒదీషో అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"పెద్దవి నువ్వు పోతే ఇక్కడెవడు చెప్తాడు? ఆ నిలబడ్డ తీరు చూస్తే పక్కనున్న ముస్లింల ఊరు ఖర్బా హమ్మాదులా ఉన్నాడు. వాడి పెళ్ళికి గడ్డం గీసింది నేనే. తెగిన చోటు గుర్తుపడతా, ఉండు."

"మావా, జోకులొద్దు."

"జోకు కాదురా. నిజంగానే తెగింది."

అతను అరచేతులు చాచుకుని నడిరోడ్డు మీద ఒక్కడే నడిచి వెళ్ళాడు. సుర్మా బురుజు మీద నుంచి అతని వీపునే చూస్తూ ఉండిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, అడుగు తొందర చెయ్యలేదు. తూము చేరి ట్రాలీ టార్పాలిన్ ఎత్తి చూశాడు. తర్వాత ఆ మనిషిని కౌగిలించుకున్నాడు. వచ్చేటప్పుడు ట్రాక్టరు తనే నడుపుకుంటూ వచ్చాడు.

ట్రాలీలో ఆరుగురు ఆడవాళ్ళు, పదకొండుమంది పిల్లలు, ఒక ముసలాయన, రెండు మేకలు. ఎర్రగా కనిపించింది ఒక పసిదాని ఉయ్యాల. హమ్మాదు పెదాలు పగిలి రక్తం కారుతున్నాయి. నల్లజెండాల వాళ్ళు పొద్దున్నే తన ఊళ్ళో దిగారనీ, మగపిల్లల్ని తమతో పంపమన్నారనీ, పంపనన్న తన తమ్ముణ్ణి చావడి ముందే కాల్చేశారనీ, పొద్దు వాలేలోపు ఇటు వస్తారనీ చెప్పాడు.

గుంపులో గొణుగుడు మొదలైంది. "ఇవాళ ఏడుస్తారు, రేపు మన ఇళ్ళు చూపిస్తారు వాళ్ళకి," అన్నాడొకడు. అలా అన్నవాడి బాబాయి దుకాణం మోసుల్‌లో కిందటి నెలలోనే పోయింది. పొరుగువాళ్ళే తలుపు మీద గుర్తు వేసి చూపించారు. అందుకే ఎవరూ వాడిని కసురుకోలేదు.

జయా సుర్మా వైపు చూశాడు. బురుజు దిగి వచ్చిన ఆమెకు ఊపిరి ఇంకా అందడం లేదు.

"బడి తాళాలు నా దగ్గరే ఉన్నాయి," అంది. "మూడు గదులు ఖాళీ. నీళ్ళు ఉన్నాయి. పిల్లలు ఎండలో ఉన్నారు, జయా."

అతను తల ఊపాడు. హమ్మాదు తుపాకీ అడిగితే మాత్రం ఇవ్వలేదు. "తప్పుగా అనుకోకు అన్నా. తుపాకీ ఇవ్వలేను. బస్తాలు నింపుతావా?" అన్నాడు. హమ్మాదు పార అందుకున్నాడు.

హమ్మాదు చెప్పినట్టే పొద్దు వాలకముందే నల్లజెండాల వాళ్ళు వచ్చారు. నాలుగు పికప్పులు, వాటి మీద పెద్ద తుపాకులు. దూరం నుంచే కాల్చుకుంటూ వచ్చారు. చర్చి గోడ పెచ్చులు రాలాయి. తెల్‌జైతా వైపు నుంచి ఒక్క తూటా బదులు పోలేదు. జయా గొంతు ఒక్కటే వాకీటాకీలో నెమ్మదిగా వినిపిస్తోంది. "ఇంకా లేదు. ఇంకా లేదు. తూము."

మొదటి పికప్పు తూము మీదికి రాగానే మెషిన్ గన్ మోగింది. బండి అడ్డంగా తిరిగి రోడ్డును మూసేసింది. వెనకవి పొలంలోకి దిగాయి. సుర్మా పైనుంచి చెబుతూనే ఉంది. పంపు కొట్టు దగ్గర ఇద్దరు. మల్బరీ వెనక నలుగురు. శ్మశానం మూలకి ఒకడు పాకుతున్నాడు. చెప్పిన ప్రతిచోటికీ సైటు తిప్పి ఒకటి రెండు తూటాలు, అంతే. గంటన్నర సాగింది. చివరికి ఊళ్ళో వందలమంది ఉన్నారనుకున్నారో ఏమో, చచ్చినవాళ్ళను ఈడ్చుకుని వెనక్కి తిరిగారు.

ఒదీషో శ్మశానం వైపు బస్తాల దగ్గర కూర్చుని ఉన్నాడు. పొట్టలో తూటా దిగింది. సుర్మా పరుగున వచ్చి అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

"మూడువందల ఐదు," అన్నాడు అతను. "నువ్వు సరిగ్గానే చెప్పావు, రాబీ. నేనే రెండోసారి లేచి చూశా."

"మాట్లాడకన్నా."

"మాట్లాడకుండా ఎప్పుడున్నాను నేను."

అతని ఆఖరి మాట అదే. మర్నాడు ఉదయం పాదిరి లేకపోవడంతో గుంపులో ఉన్న డీకను ప్రార్థన చదివాడు. తుపాకులు పక్కన పెట్టి నలుగురు ఒదీషోను మోశారు. సమాధి తవ్విన నలుగురిలో హమ్మాదు ఒకడు. హమ్మాదు ఇంటి ఆడవాళ్ళు శ్మశానం గోడ అవతల నిలబడి తమ పద్ధతిలో శోకాలు పెట్టారు. ముందురోజు గొణిగినవాడే వెళ్ళి గేటు తీసి వాళ్ళను లోపలికి పిలిచాడు.

ఆ తర్వాత రెండుసార్లు దూరంగా దుమ్ము లేచింది కానీ తూము దాకా ఎవరూ రాలేదు. పక్క ఊళ్ళ కుర్రాళ్ళు వచ్చి చేరారు, ముప్ఫైమంది రెండువందలయ్యారు. శీతాకాలం ముందు ఒక్కో కుటుంబమే తిరిగి రావడం మొదలైంది. యోనాన్ వచ్చి చెల్లెల్ని చూసి ముందు తిట్టాడు, తర్వాత చేతులు పట్టుకుని వదల్లేదు.

ఖమ్మీ ఒక ఆదివారం పూజ అయ్యాక సుర్మా దగ్గరికి వచ్చింది. నల్లబట్టల్లో చిన్నగా కనిపించింది.

"అందరూ తలొక రకంగా చెప్తున్నారు. నువ్వు పైనుంచి చూశావట. ఆయన్ని వెళ్ళమన్నారా, ఆయనే వెళ్ళాడా ఆ ట్రాక్టరు దగ్గరికి?"

"ఎవరూ వెళ్ళమనలేదక్కా. వెళ్ళబోయినవాణ్ణి వెనక్కి లాగి తను వెళ్ళాడు."

"వీధి చివర రొట్టెలు తెమ్మంటే నాలుగుసార్లు చెప్పించుకునేవాడు," అంది ఖమ్మీ. "ఆ చోటు చూపించు."

ఇద్దరూ రోడ్డు మీద నడిచారు. వానకు పొలాలు పచ్చబడ్డాయి. దారిలో కాపలావాళ్ళు లేచి నిలబడ్డారు. మల్బరీ చెట్టు దాటారు. తూము చేరాక ఖమ్మీ ఆగి, వెనక్కి తిరిగి ఊరు చూసింది. గంట బురుజు బొటనవేలంత కనిపిస్తోంది.

"ఇంత దూరమా," అంది. "ఇంత దూరం ఒక్కడే నడిచాడా."

"అవునక్కా. ఒక్కడే."

ఆమె తూము గట్టు మీద కూర్చుంది. సుర్మా పక్కన కూర్చుని ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి, ఏదీ వదలకుండా చెప్పడం మొదలుపెట్టింది.