అరువు పనిముట్లు

ప్రసంగం ఒప్పజెప్పుకోవడం వకీలుకి ఒక జబ్బు. స్నానాల గదిలో మొదలుపెట్టి అద్దం ముందు ముగిస్తాడు. ఆ ఆదివారం ఫ్రీమేసన్లనే సోదర సంఘంవాళ్లు కలుసుకునే లాడ్జిలో అతను మాట్లాడవలసింది పనిముట్ల గురించి. ఆ లాడ్జిలో డాక్టర్లూ, ప్లీడర్లూ, బట్టల కొట్ల యజమానులూ ఉన్నారు గానీ ఇటుక మీద ఇటుక పెట్టడం తెలిసినవాడు మచ్చుకైనా లేడు. అయినా వాళ్ల నీతిపాఠాలన్నీ తాపీ మేస్త్రీ సంచీలోంచే వస్తాయి. మూలలు సరిచూసే మూలమట్టం నడవడి సరిచూసుకోమంటుందట. గోడ నిలువు చూసే గుండుదారం నిటారుగా బతకమంటుందట. ఎత్తుపల్లాలు చూసే రసమట్టం ముందు మనుషులంతా సమానమట. తాపీ సోదరప్రేమ అనే సున్నం పరిచి అందరినీ కలుపుతుందట. లాడ్జిలో ఉన్నవి వెండివి, అరచేతిలో ఇమిడేంతవి. ఈసారి నిజమైనవి చూపిస్తే ప్రసంగం రక్తి కడుతుందని వకీలుకి తోచింది. అవి ఎక్కడ దొరుకుతాయో అతనికి బాగా తెలుసు.

అతని సొంత అన్న తాపీ మేస్త్రీ. ఈ సంగతి లాడ్జిలో ఒక్కరికీ తెలియదు. తన తండ్రి వంతెనలు కట్టిన ఇంజనీరని వకీలు అక్కడ ఎప్పుడో కోసిన కోత అలాగే నిలిచిపోయింది. నిజానికి తండ్రి పోయాక ఈ అన్నే పెళ్లీ పెటాకులూ లేకుండా గోడలు కట్టి తమ్ముణ్ణి చదివించాడు. తమ్ముడు మొదటిసారి నల్లకోటు తొడిగిన రోజున వీధంతా వినేలా ఏడ్చాడు. ఇప్పుడు సిమెంటు దుమ్ము తిని ఊపిరితిత్తులు పాడైపోయి, పరంజా కర్రలు పెట్టే షెడ్డులో ఒక మూల పడుకుంటున్నాడు. ఆ షెడ్డునూ కూలగొడుతున్నారు. మా ఇంటికి రమ్మని తమ్ముడు అనలేదు, వస్తానని అన్నయ్యా అడగలేదు. లాడ్జివాళ్లు నడిపే వృద్ధాశ్రమంలో ఒక గది ఖాళీ అయిందని విని దరఖాస్తు పెట్టుకున్నాడు. అది రాకపోతే వీధే గతి.

"ఒరే సున్నంగా, ఆ గది నాకొస్తుందంటావా?" అని అడిగాడు అన్న, తమ్ముడు అరువడిగిన పనిముట్ల సంచీ చేతికిస్తూ.

చిన్నప్పుడు వకీలు కొత్త గోడలు గీకి సున్నం తినేవాడు. ఆ పేరు వింటే అతనికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"వస్తుందిలే అన్నయ్యా. కానీ నా అన్నవని అక్కడెవరితోనూ అనకు. పక్షపాతం అంటారు."

"అనన్రా. నోరు కుట్టేసుకుంటాను, సరేనా?"

సరేనన్నాడు గానీ వకీలు నమ్మలేదు. అన్న నోట్లో నువ్వుగింజ నానదని అతని లెక్క.

ఆదివారం సాయంత్రం ప్రసంగం దివ్యంగా సాగింది. వకీలు అన్న తాపీని పైకెత్తి, బొటనవేలు ఆనీ ఆనీ గుంటపడిన పిడిని చూపించాడు. "సోదరులారా, ఈ గుంటలో ఒక మనిషి జీవితం ఉంది" అన్నాడు. బట్టల కొట్టాయన జేబురుమాలు తీశాడు. వకీలుకి కూడా కన్నీళ్లు వచ్చాయి, అవీ దొంగవి కావు. అదే ఆ మనిషిలోని దారుణం.

తర్వాత ఆశ్రమం గది సంగతి వచ్చింది. లాడ్జి అధ్యక్షుడైన డాక్టరు, ఆ పనిముట్లు అరువిచ్చిన మేస్త్రీదే దరఖాస్తని చూసి మురిసిపోయాడు. "ఇన్నేళ్లలో నిజంగా తాపీ పట్టిన చెయ్యి మన గడప తొక్కడం ఇదే మొదలు. కాదనేవాళ్లు ఉంటారనుకోను" అన్నాడు. అక్కడి పద్ధతి ఒకటుంది. ఒక్కొక్కరే వెళ్లి పెట్టెలో గోళీ వెయ్యాలి. తెల్లది అవునని, నల్లది కాదని. ఒక్క నల్లగోళీ పడినా మనిషి పనికిరానట్టే. వేసిందెవరని ఎవరూ అడగకూడదు.

వకీలు పెట్టె ముందు నిలబడ్డాడు. వీళ్లంతా పళ్లబుట్టలు పట్టుకుని ఆశ్రమానికి వెళ్లడం, వరండాలో కూర్చున్న అన్న "మా సున్నంగాడే! నా వెంట ఇసక మోసేవాడు" అని అరవడం కళ్లకు కట్టింది. సమానత్వం గురించి చెప్పిన నోటి తడి ఇంకా ఆరలేదు. నల్లగోళీ వేసి, వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

పెట్టె తెరిచాక డాక్టరు ముఖం మాడిపోయింది. కింద కాచుకున్న మేస్త్రీకి కబురు తానే చెబుతానని, పనిముట్ల సంచీ మొయ్యడానికి వకీలుని వెంటబెట్టుకుని కిందికి దిగాడు.

మెట్ల దగ్గర అన్న నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని. ఇప్పుడు అనేస్తాడు, డాక్టరు ముందే అనేస్తాడు అనుకున్నాడు వకీలు.

అన్న చేతులు జోడించాడు. "నమస్కారం డాక్టరుగారూ. నమస్కారం వకీలుగారూ."

"ఏమనుకోకు మేస్త్రీ. ఎవరో ఒకరు నల్లగోళీ వేశారు. ఎవరో అడక్కూడదు, మా రూలు అలాంటిది" అన్నాడు డాక్టరు.

మేస్త్రీకి దగ్గు తెర వచ్చింది. తేరుకుని వకీలు వైపు చూశాడు. "మీరు బాధపడకండి వకీలుగారూ. మీ తెల్లగోళీ దండగైపోయిందే, నాకదే బాధ."

వకీలు అవునన్నట్టు తలూపాడు.

"ఈ పనిముట్లు మా హాల్లో ఉంచుకుంటే నీకేమైనా అభ్యంతరమా?" అని డాక్టరు అడిగాడు.

"ఉంచుకోండి బాబూ. వీధిలో నేనెక్కడ పెట్టుకుంటాను?" అన్నాడు మేస్త్రీ. పనిముట్లు తీసిచ్చి, ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని గేటు దాటాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నోరు జారుతుందని భయం కాబోలు.

అప్పటికి తెలిసింది వకీలుకి. ఆ నోరు చచ్చేదాకా కుట్టుకునే ఉండేది. గది ఇచ్చినా, పక్క గదివాళ్లు గుచ్చి గుచ్చి అడిగినా, ఆ పేరు బయటికి వచ్చేది కాదు. ఎన్నటికీ జరగనిదానికి భయపడి అన్నని వీధిలో పారేశాడు. మేస్త్రీ ఇంకా మలుపు తిరగలేదు, అన్నయ్యా అని పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాడు. కానీ డాక్టరు పక్కనే ఉన్నాడు. వకీలు పిలవలేదు.

ఇద్దరూ పైకి వెళ్లి, హాల్లో గోడకు మేకు కొట్టి గుండుదారం వేలాడదీశారు. "నిటారుగా ఉందంటారా?" అని డాక్టరు అడిగాడు. వకీలు కాస్త వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసి, ఉందన్నాడు.