తెర వెనక మొగుడు

నాగేంద్రబాబుకి ఒక పాత ఇంగ్లిషు సినిమా అంటే ప్రాణం. నాటకంగా పుట్టి సినిమా అయిందట అది. దాన్ని మళ్లీ నాటకం చేసి తెలుగులో రాశాడు. కొట్టుకుని విడిపోయిన మొగుడూ పెళ్లాలు జనాన్ని కడుపుబ్బ నవ్వించి చివరికి ఒకటవుతారు. గల్ఫ్‌కొచ్చి ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో కోల్డ్ స్టోర్ అనే చిన్న కిరాణా కొట్టు నడుపుకునేవాడికి ఈ నాటకాల పిచ్చేమిటని తెలుగు సంఘం వాళ్లు ఆటపట్టించారు. పెళ్లాం వేషానికి అతను పట్టుబట్టి అడిగించింది సొంత పెళ్లాం సత్యదుర్గనే.

ఆమె సల్మానియా ఆసుపత్రిలో నర్సు. ఏడాదిగా తోటి నర్సులతో వేరే గదిలో ఉంటోంది. నాటకం అయిన మర్నాడే కొత్త ఉద్యోగానికి ఐర్లండు విమానం ఎక్కేస్తుంది. నాటకంలో ఆఖరి మాట ఒక్కసారి ఆమె నోట వస్తే మనసు కూడా వెనకే వస్తుందని ఆ వెర్రివాడి ఆశ.

వాళ్లు విడిపోవడానికి తాగుడూ కారణం కాదు, తిట్లూ కాదు. కడుపు పోయి ఆమె మంచం మీదుంటే, చూడొచ్చిన వాళ్లందరినీ జోకులేసి నవ్వించి పంపాడు మహానుభావుడు. ఏడుపు మొదలైతే ఇక ఆగదని అతని భయం. ఆ ముక్క ఆమెకి ఏనాడూ చెప్పలేదు.

నాటకం బ్రహ్మాండంగా నడిచింది. మొగుడి వేషం ముఖేష్‌ది. మాటలు అందించడానికి నాగేంద్రబాబు పక్క తెర వెనక నిలబడ్డాడు. ఆఖరి రంగంలో ముఖేష్ చెయ్యి చాపాడు. ఇక సత్యదుర్గ ఆ ఆఖరి మాట అనాలి.

"మనింటికి పోదాం పదండి," అని అందించాడు నాగేంద్రబాబు. ఆమె పలకలేదు. మళ్లీ అందించాడు. మూడోసారికి అతని గొంతు హాలు చివరిదాకా వినబడింది. జనం పడీ పడీ నవ్వారు.

ఆమె తెర వైపు తిరిగింది.

"మాట మర్చిపోలేదండి. ఇప్పుడు కూడా నవ్వించే అడుగుతున్నారు మీరు. నాకు నోరు రావట్లేదు."

అతను కాగితాలతో సహా స్టేజీ మీదికొచ్చేశాడు. ఎప్పటిలాగే నోటిదాకా ఒక జోకు వచ్చింది. మింగేశాడు.

"భయమేసింది దుర్గా. బిడ్డ పోయిన రోజు నుంచీ భయమే నాకు."

అంటూనే కూలబడి భోరుమన్నాడు. అదీ నాటకమే అనుకుని జనం ఈలలేశారు. సత్యదుర్గ ముఖం కందిపోయింది.

"తెర వేసెయ్యి ముఖేష్," అంది.

ముఖేష్ తాడు లాగాడు. అవతల ఇంకా నవ్వుతూనే ఉన్నారు. రేపటి ప్రయాణం మానుకుంటానని ఆమె అనలేదు. మొగుడి పక్కనే నేల మీద కూర్చుని, వాళ్ల బిడ్డ కోసం అతనితో కలిసి మొదటిసారి ఏడ్చింది.